ఖాళీగా ఉండకూడని డబ్బా

షియోబె నగర చరిత్ర రాసిన పెద్దలు మూడు ఘట్టాలకు పెద్దపీట వేశారు. కోట దొర కత్తి దూయకుండానే తాళాలు అప్పగించడం మొదటిది. రేవులోకి ఆవిరి ఓడ రావడం రెండోది. రైలుమార్గం మా ఊరిని తప్పించుకుని పక్క ఊరి మీదుగా పోవడం మూడోది. నాలుగోదాన్ని వాళ్లు వదిలేశారు. ఒక వసంత కాలపు ఉదయం ఆరున్నరకి, సకాషిత పేట బడి మైదానంలో, ఏసాకు కురహాషి అనే ట్రామ్ డ్రైవరు బోర్లించిన బీరు క్రేటు మీదకెక్కి, జనానికి ఎదురుగా నిలబడి, ఎడమ చెయ్యి పైకెత్తాడు.

ఘట్టం గొప్పతనమంతా ఆ ఎడమలోనే ఉంది. రోజూ పొద్దున్నే రేడియోలో అందరూ కలిసి చేసే వ్యాయామం వస్తుంది. పియానో మోగుతుంది, కుడి చెయ్యి ఎత్తమని ఒక హుషారైన గొంతు చెబుతుంది. ఎదురుగా నిలబడి చేసి చూపించేవాడు తనూ కుడి చెయ్యే ఎత్తాడంటే చూసేవాళ్లు తికమకపడి ఎడమది ఎత్తుతారు. ఏసాకుకి ముందు క్రేటెక్కిన హెడ్మాస్టరు అలాగే ఎత్తేవాడు. ఆయన హయాంలో వరసలో సగం మంది ఇటూ సగం మంది అటూ వంగి, పక్కవాళ్ల తలలతో పరిచయం పెంచుకునేవారు. ఏసాకు అద్దంలో బొమ్మలా అన్నీ తిరగేసి చేశాడు. తలలు తగలడం ఆగిపోయింది. ముప్పై ఏళ్లకు పైగా రోజూ అలా చేసి చేసి చివరికి కళ్ల డాక్టరు కుడి కన్ను మూసుకోమంటే ఎడమది మూసుకునే స్థితికి వచ్చాడు. జనం కోసం తన కుడిని వదులుకున్న మనిషి. ఉద్యోగానికి మాత్రం దీనివల్ల ఏ నష్టమూ రాలేదు. ట్రామ్ పట్టాలు ఎటు పోతే అటే పోతుంది.

పేరుకే అది బడి మైదానం. పిల్లలు తగ్గిపోయి బడి ఎప్పుడో మూతపడింది. భవనాన్ని కూల్చేశాక నేల, దాని అంచున నాలుగు చెర్రీ చెట్లు మిగిలాయి. వేసవి సెలవుల్లో వ్యాయామానికి వచ్చిన పిల్లలకు మెళ్లో వేసుకునే అట్టముక్క మీద రోజుకో ముద్ర వెయ్యడం ఆనవాయితీ. పిల్లలు పోయినా ముద్ర పోలేదు. డెబ్బై దాటినవాళ్లు మెళ్లో అట్టలు తగిలించుకుని బుద్ధిగా వరస కట్టేవారు. చేపల వడలు వేయించి అమ్మే తొకుజి ఇవామొతొ, ఏసాకుకి చిన్నప్పటి నేస్తం, ఒకసారి జలుబు చేసి రాలేక, మర్నాడు రెండు ముద్రలు వెయ్యమని పేచీ పెట్టాడు. ఏసాకు వెయ్యలేదు. స్నేహం స్నేహమే, ముద్ర ముద్రే.

ఈ మైదానం గురించి ఇంత చెప్పడానికి కారణం ఏసాకు భార్య ఫుసనో. ఆమెకు పక్షవాతం వచ్చి తగ్గింది. మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది, ఎడమ చెయ్యి మాత్రం మొండికేసింది. ఆస్పత్రిలో ఎత్తమంటే ఎత్తేది కాదు. ఇంట్లో ఏసాకు ఎదురుగా నిలబడి ఎత్తి చూపించబోతే, వంటింట్లో కూడా క్రేటెక్కుతారా అని నవ్వి ఊరుకునేది. అలాంటిది మైదానంలో వెనక వరసలో నిలబెడితే, పియానో మొదలవగానే ఆ చెయ్యి మెల్లగా భుజం దాకా లేచేది. డాక్టర్లు దీనికి కారణం చెప్పలేకపోయారు. ఫుసనో చెప్పింది.

"చుట్టూ అందరూ ఎత్తుతుంటే నేనొక్కదాన్నే ఎత్తకుండా ఎలా నిలబడను? మర్యాదగా ఉండదు."

కాబట్టి ఆ చెయ్యి మందుల వల్ల కాదు, మర్యాద వల్ల లేచింది. మా పేటలో మర్యాదకు అంత బలం ఉంది. దాని మిగతా పనులు కూడా ముందు ముందు తెలుస్తాయి.

అలాంటి రోజుల్లో నగరపాలక సంస్థ వారికి రాబోయే ఇరవై ఏళ్లలో షియోబె ఎలా ఉండాలో తేల్చెయ్యాలని బుద్ధి పుట్టింది. అంతకు ముందటి ప్రణాళికను అధికారులే తలుపులేసుకుని రాశారు. అందులోంచి స్టేషను ముందర ఒక ఫౌంటెన్ బయటికొచ్చింది కానీ, ఫౌంటెన్‌లోంచి నీళ్లు బయటికి రాలేదు. జనం విసుక్కున్నారు. అందుకని ఈసారి జనాన్నే పిలిచి అడుగుదామనుకున్నారు. మళ్లీ ఎండిపోతే ఈసారి ఎండబెట్టింది జనమే అవుతారు.

మా పేటకు వచ్చిన అధికారి పేరు హయసె. ముప్పై అయిదేళ్లుంటాయి, మాట్లాడే ముందు ఒకసారి, మాట్లాడాక రెండుసార్లు వంగి నమస్కారం పెట్టే రకం. పేట సంఘం హాల్లో సమావేశాలు పెట్టాడు. గోడకు పెద్ద కాగితాలు అంటించాడు, రంగు పెన్సిళ్లు పంచాడు, బార్లీ టీ తనే పోశాడు, తీపి బన్నులు సొంత ఖర్చుతో తెచ్చాడు. సమావేశం అయ్యాక కుర్చీలన్నీ తనే మడతపెట్టి పేర్చేవాడు. సాయం పడతామంటే ససేమిరా అనేవాడు. సంఘం అధ్యక్షురాలు సుమికో నెగోరో, క్షౌరశాల ఆవిడ, అతని మెడ వెనక జుట్టు పెరిగిపోయిందని, పాపం ఇంటికెళ్లే తీరిక కూడా ఉన్నట్టు లేదని అందరికీ చెప్పింది. పేట జాలిపడింది. జాలికి కూడా మా పేటలో చాలా బలం ఉంది.

ఏసాకు ఆ సమావేశాలను ఎంత గంభీరంగా తీసుకున్నాడంటే, మొదటిదానికి పాత ట్రామ్ టోపీ బ్రష్షు చేసుకుని పెట్టుకెళ్లాడు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పట్టాలు ఎటు వెయ్యాలో ఆయన్ని ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఇరవై ఏళ్ల నగరం అడుగుతోంది. బడి మైదానాన్ని ఏం చెయ్యాలి అన్నది మా పేటకు ఇచ్చిన ప్రశ్న. ఏసాకు లేచి నిలబడి, అక్కడ ఏమీ కట్టొద్దు, ఖాళీగా ఉంచండి అన్నాడు. భార్య చెయ్యి సంగతి అక్కడున్న అందరికీ తెలుసు కనుక ఆయన చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. తలలూపారు. తొకుజి అయితే రెండుసార్లు ఊపాడు.

చిక్కేమిటంటే ప్రతి ఆలోచననీ బొమ్మ గీసి గోడకు పెట్టాలి. ఏమీ లేకపోవడాన్ని ఎలా గియ్యాలో ఏసాకుకి తోచలేదు. చివరికి బీరు క్రేటు గీశాడు. బాగానే కుదిరింది.

బొమ్మ ఎలా గియ్యాలో అర్థం కాని వాళ్ల కోసం హయసె మొదటి రోజే ఒక నమూనా గీసి గోడకు పెట్టాడు. ఊరికే నోటికొచ్చింది గీశానని, దీన్ని పట్టించుకోవద్దని చెప్పాడు. కార్లు పెట్టుకునే అయిదంతస్తుల భవనం, పైన నిలబడి సముద్రం చూసుకోవడానికి డాబా, ఆకాశంలో చేప ఆకారంలో ఒక మబ్బు. మా పేటలో కార్లున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సముద్రం ఎవరి వాకిట్లోంచి చూసినా కనిపిస్తుంది. అయినా మబ్బు బాగుందన్నారు. ఆ తర్వాత మిగతా బొమ్మలు వచ్చాయి. సుమికో గారు పూలకుండీలు గీసింది. ఎవరో కూరగాయల మడులు గీశారు. ఇంకెవరో వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునే తొట్టి గీశారు. నమూనాని తీసెయ్యడం హయసె మర్చిపోయాడు.

ఆఖరి రోజు తీర్పు. అంతకు ముందు సమావేశంలో చుక్క స్టిక్కర్లు ఇచ్చి నచ్చిన బొమ్మ మీద అంటించమంటే, ముందు ఎవరు లేస్తారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ టీ చల్లారిపోయే దాకా కూర్చున్నారు. అందుకని ఈసారి ఎవరికీ మొహమాటం కలగకుండా హయసె ఒక ఏర్పాటు చేశాడు. పాల డబ్బాలు కోసి, రంగు కాగితాలు చుట్టి, ప్రతి బొమ్మ కిందా ఒకటి పెట్టాడు. మనిషికో సోయా గింజ ఇచ్చాడు. ఒక్కొక్కరూ తెర వెనక్కి వెళ్లి నచ్చిన డబ్బాలో గింజ వేసి రావాలి. గింజ పడిన చప్పుడు కూడా ఇవతలికి వినిపించకూడదని డబ్బాల అడుగున గుడ్డముక్కలు పరిచాడు. ఇంత సున్నితంగా జరిగిన ఎన్నిక ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. నమూనా కింద కూడా, వరసలో ఒక్కటి బోసిగా ఉంటే చూడ్డానికి బాగుండదని, ఒక డబ్బా పెట్టాడు.

ఆ సాయంత్రం నేను ఊళ్లో లేను. పెద్ద ఘట్టాల గురించి రాసేవాళ్లు సాధారణంగా ఆ సమయానికి అక్కడ ఉండరు. అందరూ చెప్పినదాన్ని బట్టి రాస్తున్నాను. అందరూ ఒకేలా చెప్పారు.

డబ్బాలు విప్పారు. కాళ్ల తొట్టికి కొన్ని గింజలు. పూలకుండీలకు కొన్ని. కూరగాయలకు రెండో మూడో. నమూనా డబ్బా బోర్లిస్తే గింజలు బల్ల మీద పొర్లి నేల మీదకు కూడా దొర్లాయి. బీరు క్రేటు డబ్బా బోర్లిస్తే గుడ్డముక్క పడింది. హయసె డబ్బాని వెనక నుంచి తట్టాడు. లోపలికి చూశాడు. ఆ తర్వాత, అది నమూనా అండీ, నమూనా మాత్రమేనండీ అని చాలా చిన్న గొంతుతో అన్నాడు. నేల మీద పడ్డ గింజల్ని ఏరి బల్ల మీద పెట్టారు. సుమికో గారు అధ్యక్షురాలు కనుక ఏదో ఒకటి అనాలి కాబట్టి, తీర్పు తీర్పేనని, అందరూ శ్రమపడ్డారని అంది. చప్పట్లు కొట్టారు. ఏసాకు కూడా కొట్టాడు. టోపీ పెట్టుకుని ఇంటికెళ్లాడు.

ఆఫీసులో హయసె విషయం విన్నవించుకున్నాడట. కార్ల భవనం అక్కడ ఎవరికీ అక్కర్లేదు. కట్టడానికి నిధుల శాఖకూ ఇష్టం లేదు. అయినా పై అధికారి అతనికి హితబోధ చేశాడట. జనం మాట వింటామని అన్ని పేటల్లోనూ చాటింపు వేసి, మొదటిసారి జనం ఏకకంఠంతో ఒక మాట అంటే, అది మేమేదో సరదాకి గీసిందని చెప్పి తోసిపుచ్చమంటావా, అలా చేస్తే మళ్లీ ఎవరైనా మన మాట నమ్ముతారా అని. ప్రణాళిక పుస్తకం అచ్చయింది. మా పేట పేజీలో చేప మబ్బు కూడా వేశారు.

తీర్పు మర్నాడు పొద్దున్న ఏసాకు మామూలు వేళకే మైదానానికొచ్చాడు. క్రేటెక్కాడు. జనానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

ఇన్నేళ్లూ ఆయన వీపే చూసిన చెర్రీ చెట్లకు తప్ప ఆయన మొహం ఆరోజు ఎవరికీ కనిపించలేదు. వీపు పెట్టినప్పుడు తిరగెయ్యక్కర్లేదు. ఆ సంగతి ఆయన ఒంటికి తెలియదు. రేడియో కుడి అంటే ఎడమది ఎత్తాడు. వెనక జనం ఆయన్ని చూసి ఎడమదే ఎత్తి, రేడియో విని దించి, కుడిది ఎత్తి, పక్కలకు వంగే ఘట్టంలో హెడ్మాస్టరు నాటి తలలు మళ్లీ తగిలాయి. ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఫుసనో చెయ్యి నడుము దాకా లేచి, ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగిపోయింది.

అయ్యాక ఏసాకు ముద్రల పెట్టె తెరవలేదు. తొకుజి మెళ్లో అట్ట పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"నీ గింజ ఎందులో వేశావురా?" అని అడిగాడు ఏసాకు.

తొకుజి అట్టని చొక్కాలోకి తోసుకున్నాడు. "నీది ఎలాగూ గెలుస్తుందనుకున్నాను."

"అందుకని?"

"అందుకని ఆ హయసె డబ్బాలో... నువ్వే చెప్పు. అంత కష్టపడ్డాడు. కుర్చీలు మోశాడు. ఆఖర్న అందరి ముందూ తన డబ్బా విప్పి, సున్నా అని తనే చదువుకోవాలా? ఒక్క గింజైనా ఉంటే బాగుంటుందనిపించింది. ఒక్కటే కదా."

"అందరూ ఒక్కటే వేశారు."

"మిగతావాళ్లు కూడా వేస్తారని నాకేం తెలుసు? వాళ్లంతా నీకు వేస్తారనుకున్నాను."

"అరవై ఏళ్ల స్నేహం రా ఇది. ఆ బన్నుల మనిషిని నువ్వు మూడుసార్లు చూశావు."

"నిన్ను రోజూ చూస్తున్నాను కాబట్టేరా నీకు వెయ్యలేదు," అన్నాడు తొకుజి. ఇది సమాధానంలా మొదలై మధ్యలో ఏమయిందో అతనికీ అర్థం కాలేదు. రేపు కూడా ఎప్పటిలా వేడివేడి వడలు పంపిస్తానన్నాడు. ఏసాకు అక్కర్లేదన్నాడు. ఇరవై ఏళ్ల ప్రణాళికలో మొదట అమలైంది ఇదే: ఆ ఇంటికి వడలు రావడం ఆగిపోయింది.

తర్వాత ఏసాకు ఇంటింటికీ తిరిగాడు. అందరూ ఒకే మాట చెప్పారు, ఒకే వంగడం వంగారు. నీది గెలుస్తుందనుకున్నాం. పాపం అతను. ఒక్క గింజే కదా. పూలకుండీలు గీసిన సుమికో గారు కూడా తన కుండీలకు వెయ్యలేదని, నమూనాకే వేశానని చెప్పింది. కుర్చీలో కూర్చోబెట్టి జుట్టు ఊరికే కత్తిరిస్తానంది. ఏసాకు కూర్చోలేదు. "అధ్యక్షురాలివి, నువ్వైనా..." అని వాక్యం పూర్తి చెయ్యకుండా వచ్చేశాడు. ఆవిడ ఆ వాక్యాన్ని చాలా రకాలుగా పూర్తి చేసుకుని చాలా రోజులు బాధపడింది.

చిత్రమేమిటంటే ఏసాకుకి ఎవరైనా ద్వేషంతో ఎదురు వేసి ఉంటే ఇంత దెబ్బ తగిలేది కాదు. పోట్లాడడానికి ఒక మనిషి దొరికేవాడు. ఇక్కడ అందరూ ఆయన పక్షమే. పక్షంలో ఉండి ఒక్కొక్కరూ ఎవరికీ తెలియకుండా ఒక మంచిపని చేశారు. మోసపోయానని ఆయన ఎవరితో చెప్పుకున్నా, అవునండీ మోసపోయారు అని వాళ్లే ఒప్పుకునేవారు, కళ్లలో నీళ్లు పెట్టుకునేవారు. అలాంటి ద్రోహానికి ఏం శిక్ష వెయ్యాలో తెలియక, ఆయన తనకు చేతనైంది ఒక్కటే చేశాడు. క్రేటు ఇంటికి తెచ్చేసుకున్నాడు.

హయసె కూడా వచ్చాడు. గుమ్మంలోనే మోకరిల్లి నుదురు నేలకు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. మెడ వెనక జుట్టు ఇంకా పెరిగింది. తేవద్దనుకుంటూనే బన్నులు తెచ్చాడు. ఫుసనో కుడి చేత్తో టీ పోసింది, ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని. హయసె చూపు అక్కడికి పోయి, అప్పటికి అతనికి ఎవరో చెప్పి ఉండాలి, తిరిగి నేల మీదకు పోయింది.

"కురహాషి గారూ, ఆ నమూనా అప్పుడే తీసెయ్యాల్సింది. నాదే తప్పు."

"నీకు నా డబ్బా మీద అనుమానం రాలేదా? ఒక్కటి కూడా లేదే. ఊళ్లో ఒక్కడికైనా నేను అక్కర్లేదా?"

"మీరు గెలవాలనే నేను కోరుకున్నానండీ."

"నువ్వూనా," అన్నాడు ఏసాకు. ఇంక బన్నులు కూడా తీసుకోలేదు.

శరదృతువులో మైదానం చుట్టూ ఇనప రేకులు పాతారు. రేకుల మీద నవ్వుతున్న పిల్లల బొమ్మలు వేశారు. ఎవరి పిల్లలో తెలియదు. చెర్రీ చెట్లు రెండింటిని ఉంచారు. ఏసాకు లేకుండానే వ్యాయామం చేపల మార్కెట్ వెనకనున్న స్థలానికి మారింది. అక్కడ వాసన వస్తుంది, పిల్లులు వస్తాయి, క్రేటెక్కి చూపించేవాడు లేక రేడియో చెప్పినట్టు ఎవరికి తోచింది వాళ్లు చేస్తారు. ఏసాకు వెళ్లలేదు. ఫుసనోని వెళ్లమనలేదు, వెళ్లొద్దని కూడా అనలేదు. ఆయన వెళ్లని చోటికి తనొక్కతే వెళ్లడం బాగుండదని ఆమె ఆగిపోయింది. పొద్దున్న ఆరున్నరకి ఇద్దరూ వంటింట్లో రేడియో పెట్టుకునేవారు. ఏసాకు క్రేటు మీద నిలబడి చేసేవాడు. తల పైకప్పుకి తగిలేది. ఫుసనో చెయ్యి ఒళ్లోంచి లేచేది కాదు. చలికాలం వచ్చేసరికి వేళ్లు కూడా బిగుసుకోవడం మొదలైంది.

మా ఇంటికీ ఏసాకు ఇంటికీ మధ్య గోడ పల్చన. వినాలని వినకపోయినా వినిపిస్తుంది. ఒకరోజు పియానో మోగుతుండగానే ఏసాకు రేడియో కట్టేశాడు. ఊరంతా కలిసి నీ చెయ్యి విరిచేశారు అన్నాడు. తొకుజి పేరు, సుమికో గారి పేరు, ఇంకా ఎవరెవరివో పేర్లు వరసగా చెప్పాడు. ఆ వరస ఆయనకు కంఠతా వచ్చు, స్టాపుల పేర్లలాగా. ఫుసనో అన్నీ విన్నది.

"ఇంతకీ మీ గింజ ఎందులో వేశారు?" అంది.

క్రేటు కిర్రుమంది.

"ఎవరైనా సొంతదానికి వేసుకుంటారా? సిగ్గుండొద్దూ?"

"నేనడిగింది ఎందులో వెయ్యలేదని కాదు."

క్రేటు మీద నుంచి దిగిన చప్పుడైంది. అది మూలకు జరిపిన చప్పుడైంది. కాసేపటికి వాకిలి తలుపు తీసి ఫుసనో ఒక్కతే బయటికొచ్చింది. చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. చేపల మార్కెట్ వైపు నడిచింది.

ఏసాకు గింజ హయసె డబ్బాలో ఉంది.